గోడ ఎక్కడ నాన్నా?

శ్రోతలందరికీ నమస్కారం.

ఇంగ్లండ్ ఉత్తర భాగంలో ఆరు రోజులు సైకిల్ తొక్కిన సంగతి ఈ పూట మీతో చెప్పుకోవాలని వచ్చాను. మా పెద్దమ్మాయి న్యూకాసిల్‌లో చదువుతోంది. నిరుడు వేసవిలో అక్కడికి వెళ్ళినప్పుడు ఇద్దరం చెరో సైకిల్ అద్దెకు తీసుకుని, పడమటి సముద్రం ఒడ్డున బయల్దేరి తూర్పు సముద్రం చేరాం. ఆ దారి పేరు హాడ్రియన్స్ సైకిల్‌వే. అక్కడి జాతీయ సైకిల్ మార్గాల్లో దాని నంబరు 72. రావెన్‌గ్లాస్ అనే చిన్న ఊళ్ళో మొదలై సౌత్ షీల్డ్స్‌లో ముగుస్తుంది. సుమారు 280 కిలోమీటర్లు.

హాడ్రియన్ రోమన్ చక్రవర్తి. క్రీ.శ. 122లో బ్రిటన్ వచ్చాడు. మన దగ్గర శాతవాహనులు ఏలుతున్న కాలం అది. తన సామ్రాజ్యానికి అక్కడ హద్దు గీయదలచి, ఆ దీవికి అడ్డంగా 117 కిలోమీటర్ల గోడ కట్టించాడు. మూడు లీజియన్ల, అంటే మూడు పెద్ద రోమన్ సైనిక దళాల మనుషులే దానికి తాపీ మేస్త్రీలు. రోమన్ మైలుకు ఒక చిన్న కోట, కోటకూ కోటకూ మధ్య రెండు బురుజులు. 1987లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇదంతా ముందే చదువుకుని వెళ్ళాం కాబట్టి మొదటి మలుపు తిరగ్గానే గోడ ఎదురవుతుందని మా అమ్మాయి ఆశపడింది. మొదటి రెండు రోజులూ ఏమీ కనపడలేదు. మిట్ట ఎక్కినప్పుడల్లా సైకిల్ ఆపి, "గోడ ఎక్కడ నాన్నా?" అని అడిగేది.

రావెన్‌గ్లాస్‌లో గోడ లేదు, స్నానశాల ఉంది. అక్కడి రోమన్ కోట సైనికులు వేన్నీళ్ళ స్నానం చేసిన గదులవి. గోడలు దాదాపు 4 మీటర్ల ఎత్తున ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. ఊరి చివర చెట్ల నీడన సన్నని దారి పక్కనే ఉన్నాయి. టికెట్ లేదు, కాపలా లేదు. పొద్దున్నే వెళ్ళాం, మేమిద్దరమే. గోడకు అరచెయ్యి ఆనించాను, చల్లగా ఉంది. రెండు వేల ఏళ్ళ కిందటి కట్టడం దగ్గర అంత నిశ్శబ్దంగా నిలబడే అవకాశం నాకు అంతకు ముందు ఎప్పుడూ రాలేదు.

అక్కణ్ణుంచి దారి సముద్రం పక్కన ఉత్తరానికి పోతుంది. మేరీపోర్ట్ అనే ఊళ్ళో ఒక మ్యూజియం ఉంది. 1870లో అక్కడి కోట పక్క పొలంలో తవ్వితే 17 రాతి పీఠాలు బయటపడ్డాయి. జూపిటర్ దేవుడికి మొక్కుబడిగా కోట అధికారులు చెక్కించినవి. ఆ కోటలో కొంతకాలం కాపలా కాసింది స్పెయిన్ నుంచి వచ్చిన దళం. అంత ఎండ దేశం వాళ్ళు ఆ చలిగాలిలో నిలబడి దండం పెట్టుకున్నారన్నమాట.

గాలి మాట వచ్చింది కాబట్టి ఒక విషయం. ఎప్పుడైనా మీరు గాని మీ పిల్లలు గాని ఈ దారిలో వెళ్తే, పడమటి నుంచి తూర్పుకే తొక్కండి. అక్కడ గాలి ఎక్కువగా పడమటి నుంచే వీస్తుంది. వీపు మీద చెయ్యి పెట్టి నెట్టినట్టు ఉంటుంది. ఎదురు తొక్కుతున్న వాళ్ళను చూశాం, హ్యాండిల్ మీదకి వంగిపోయి రొప్పుతున్నారు పాపం.

గోడ పడమటి కొస బోనెస్ అనే పల్లె. అక్కడా ఒక్క రాయి నిలబడి లేదు. అది దాటితే సముద్రపు పాయ పక్కన బురద మైదానాల్లో దారి. పోటు ఎక్కువైతే రోడ్డు మీదకే నీళ్ళు వస్తాయి. ఎన్ని అడుగుల లోతో చెప్పే పలకలు పక్కనే పాతి ఉంటాయి. అమ్మాయి ఆటుపోట్ల వేళలు చూసి, "ఇప్పుడు బయల్దేరితే టెన్షన్ లేదు" అంది. గంటకు ఒకటో రెండో కార్లు. మిగతా సమయమంతా మా చైన్ల చప్పుడు, గొర్రెల అరుపులు, బురదలో మేత వెతుక్కునే పిట్టల కూతలు. పక్కపక్కన తొక్కుతూ మామూలు గొంతుతో మాట్లాడుకోగలిగాం. అమ్మాయి అన్ని కబుర్లు నాతో చెప్పి ఎన్నేళ్ళయిందో.

తర్వాత బర్గ్ బై శాండ్స్ అనే పల్లె. చర్చి ముందు సైకిళ్ళు ఆపాం. దాని గోడల్లో రాళ్ళు చక్కగా చతురస్రంగా చెక్కి ఉన్నాయి. అవి రోమన్ గోడ రాళ్ళే. రోమన్లు వెళ్ళిపోయాక ఊరివాళ్ళు వాటిని మోసుకొచ్చి గుడి కట్టుకున్నారు. "ఇదిగోనమ్మా నీ గోడ" అన్నాను. అమ్మాయి చాలాసేపు ఆ రాళ్ళను తడుముతూ నిలబడింది. ఆ ఊరి కోటలో 3వ శతాబ్దంలో ఉన్నది మూర్ల దళం, అంటే ఉత్తర ఆఫ్రికా మనుషులు. అక్కడికి దగ్గర్లో దొరికిన శాసనం ఆ సంగతి చెబుతోంది. బ్రిటన్‌లో ఆఫ్రికా వాళ్ళ నివాసం గురించి మొదటి రాతపూర్వకమైన ఆధారం ఆ పల్లెదే.

కార్లైల్ పెద్ద పట్నం. రాత్రి పడుకుని పొద్దున్నే దాటేశాం. బ్రాంప్టన్ తర్వాత కొండలు మొదలయ్యాయి. బ్యాంక్స్ అనే చోట ఒక మిట్ట ఎక్కాక, రోడ్డు పక్కనే, పచ్చిక మధ్య, ఒక బురుజు మొండెం. దానికి రెండు వైపులా గోడ. ఈసారి అమ్మాయి ఏమీ అడగలేదు. సైకిల్ గడ్డిలో పడేసి పరుగెత్తింది. అక్కణ్ణుంచి బర్డోస్వాల్డ్ కోట దాకా గోడ జాడలు అక్కడక్కడా తోడుగా వస్తూనే ఉంటాయి. ఎక్కడా తెగకుండా మిగిలిన భాగాల్లో అన్నిటికన్నా పొడవైనది ఆ కోట పక్కనే ఉంది.

మిగతా గోడ ఏమైంది? ఆ ప్రాంతంలో ఒక తిన్నటి రోడ్డు ఉంది, మిలిటరీ రోడ్డు అంటారు. 1745లో తిరుగుబాటు జరిగినప్పుడు సైన్యాన్ని అటూ ఇటూ నడిపించడానికి సరైన బాట లేదని, తర్వాతి దశాబ్దంలో వేశారు. చాలా మైళ్ళ మేర గోడను పడగొట్టి, ఆ రాళ్ళే పునాదిగా పరిచారు. ఆ రోడ్డు మీద కార్లు దూసుకుపోతాయి, అందుకే సైకిల్ దారి దాన్ని తప్పించుకుని పక్క లోయల్లోంచి పోతుంది. 19వ శతాబ్దంలో న్యూకాసిల్ పట్టణ క్లర్కు జాన్ క్లేటన్ సొంత డబ్బుతో గోడ ఉన్న పొలాలను ఒక్కొక్కటే కొని కాపాడాడు. ఆయన లేకపోతే ఇవాళ చూడ్డానికి ఇంకెంత తక్కువ మిగిలేదో. ఆయన పేరు అందరికీ తెలియాలని నా కోరిక.

ఇక విండోలాండా అనే రోమన్ కోట. ఈ ప్రయాణంలో నా మనసు ఆగిపోయిన చోటు. గోడ కట్టడానికి ముందే రోమన్లు అక్కడ ఒక రోడ్డు వేశారు, స్టేన్‌గేట్ అని పేరు. సైకిల్ దారి కాస్త దూరం ఆ రోమన్ రోడ్డు జాడలోనే పోతుంది. పక్కన ఒక రోమన్ మైలురాయి, పాతిన చోటే, ఇంకా నిలబడి ఉంది. మా చక్రాల కింద ఉన్నది తారే కావచ్చు, దారి మాత్రం వాళ్ళదే.

1973లో రాబిన్ బర్లీ అనే పురావస్తు శాస్త్రవేత్త ఆ కోటలో తవ్వుతుంటే, తడి మట్టిలో పల్చటి చెక్క ముక్కలు దొరికాయి. పోస్టుకార్డంత సైజు. వాటి మీద సిరాతో రాతలు. గాలి సోకని మట్టి కావడంతో అవి కుళ్ళిపోలేదు. ఉత్తరాలు, లెక్కలు, సెలవు చీటీలు. ఒకాయన తన మనుషులకు బీరు అయిపోయిందని, పంపించమని రాశాడు. ఇంకో ఉత్తరంలో ఎవరో ఎవరికో మేజోళ్ళు, చెప్పులు, లోదుస్తులు పంపించిన లెక్క ఉంది. ఆ రోజు మేం జోరువానలో తడిసి వెళ్ళాం. బూట్లలో మేజోళ్ళు పిండితే నీళ్ళు. వెచ్చటి మేజోళ్ళు అందుకున్న ఆ మనిషికి ఎంత హాయిగా ఉండి ఉంటుందో నాకు ఒళ్ళంతా తెలిసింది.

వాటిలో ఒకటి క్రీ.శ. 100 ప్రాంతం నాటిది. క్లాడియా సెవెరా అనే ఆవిడ, పక్క కోటలో ఉండే అధికారి భార్య. విండోలాండా అధికారి భార్య సుల్పీసియా లెపిడీనాకు రాసింది. సెప్టెంబరు 11న నా పుట్టినరోజు, నువ్వు తప్పకుండా రావాలి, నువ్వొస్తేనే నాకు సంతోషం అని. ఉత్తరం రాసింది లేఖకుడు. చివరి రెండు మూడు వరుసలు మాత్రం ఆవిడ స్వయంగా రాసింది, అక్షరాలు కాస్త వంకరగా. ఒక స్త్రీ చేత్తో రాసిన లాటిన్ రాతల్లో మనకు తెలిసిన అతి పాతవాటిలో అదొకటి. అందులో ఆవిడ స్నేహితురాలిని సోదరీ అని పిలుస్తుంది. లాటిన్‌లో అక్కకీ చెల్లెలికీ ఒకటే మాట. తెలుగులో చెప్పాలంటే రెంటిలో ఒకటి ఎంచుకోవాలి. అమ్మాయి క్షణం ఆలోచించి, "అక్కా అనే ఉంటుంది నాన్నా, అంత బతిమాలుతోందంటే" అంది. ఊళ్ళో ఉన్న తన చెల్లి గుర్తొచ్చిందేమో, ఆ రాత్రి ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది.

తర్వాతి రెండు రోజులూ టైన్ నది వెంట దిగుడు దారి, సుఖమైన దారి. కోర్‌బ్రిడ్జ్‌లో ఒక రోమన్ పట్నం పునాదులు ఉన్నాయి. 1911లో అక్కడ ఒక కంచు కూజాలో 160 బంగారు నాణేలు దొరికాయి. అలాంటి రోమన్ బంగారమే మన వినుకొండలోనూ దొరికింది. నాగార్జునకొండ శాసనాల్లో కనిపించే దీనారి అనే మాట రోమన్ల దినారియస్ నుంచి వచ్చిందే. ఆ ఎడారులూ సముద్రాలూ దాటి డబ్బు అటూ ఇటూ వెళ్ళింది, మనుషులూ వెళ్ళారు.

అలా వెళ్ళిన ఒక మనిషి సమాధి రాయి కోర్‌బ్రిడ్జ్‌లో ఉంది. పేరు బరాతీస్, ఊరు సిరియా ఎడారిలోని పాల్మైరా, వయసు 68. ఆ పేరు గుర్తుపెట్టుకోండి.

న్యూకాసిల్ వంతెనల కింద నుంచి, గోడ తూర్పు కొస అయిన వాల్స్‌ఎండ్ మీదుగా, నార్త్ షీల్డ్స్ చేరి, సైకిళ్ళతో సహా ఫెర్రీ ఎక్కి, సౌత్ షీల్డ్స్‌లో దిగాం. అక్కడి కోట పేరు అర్బీయా. అందులో ఒక సమాధి రాయి చూడ్డానికి వెళ్ళాం. దాని మీద ఒక స్త్రీ బొమ్మ, పేము కుర్చీలో కూర్చుని ఉంది. ఒళ్ళో కదురు, ఒక పక్క నగల పెట్టె, ఇంకో పక్క ఉన్ని ఉండల బుట్ట. పేరు రెజీనా. దక్షిణ బ్రిటన్‌లో కటువెల్లౌనీ తెగ పిల్ల. బానిసగా ఉన్న ఆమెను విడిపించి పెళ్ళి చేసుకున్న భర్త పేరు బరాతీస్, పాల్మైరావాడు. కోర్‌బ్రిడ్జ్ రాయి కింద ఉన్నదీ ఇతనే కావచ్చు. ఆమె 30 ఏళ్ళకే పోయింది.

పైన లాటిన్‌లో రాయించిన వరుసల్లో తప్పులున్నాయి. వాటి కింద ఒకే ఒక్క వరుస అతని మాతృభాషలో ఉంది, పాల్మైరా లిపిలో. ఆ ఊళ్ళో దాన్ని చదవగలిగినవాళ్ళు ఎందరుండేవారో. చెక్కిన చెయ్యి మాత్రం ఆ లిపి బాగా తెలిసిన చెయ్యి, అక్షరాలు సాఫీగా సాగిపోయాయి. పక్కన అర్థం రాసి పెట్టారు. అమ్మాయి ఇంగ్లీషులో చదివి, నా కోసం తెలుగులో చెప్పింది.

"బరాతీస్ విడిపించిన రెజీనా, అయ్యో."