ఈ ఇల్లు మాది కాదు, కానీ కాగితాల్లో మా పేరుంది

హాయ్ అండీ, వెనకాల చప్పుడు వస్తే ఏమీ అనుకోకండి, వంటగదిలో గోడలకు వేసే డ్రైవాల్ పలకలు కోస్తున్నారు. శనివారం పొద్దున్నే పిల్లల్ని స్విమ్మింగ్ క్లాసులో దింపేసి ఇటు వచ్చాను. 1962లో కట్టిన ఇల్లు ఇది. మనం కొన్నది కాదు, అమ్మబోయేదీ కాదు, కానీ దీని మీద మనం ఇచ్చిన అప్పు ఉంది. "మీరు వడ్డీలకి కూడా తిప్పుతున్నారట, ఎలా మొదలుపెట్టారు" అని చాలామంది అడుగుతున్నారు కదా, అందుకే కెమెరా పట్టుకుని ఇక్కడికే వచ్చేశాను.

ముందు మా అద్దె ఇంటి సంగతి చెప్పాలి, ఎందుకంటే తెలివి వచ్చింది అక్కడే. మేముండేది టెక్సాస్‌లో. 25 శాతం డౌన్ కట్టి ఒక చిన్న ఇల్లు తీసుకున్నాం. అద్దెలోంచి లోన్ కిస్తీ తీసేస్తే నెలకు ఇంత మిగులుతుంది అని మా ఆయన ఎక్సెల్ షీట్ వేసి ఆకుపచ్చ రంగు కూడా కొట్టారు. రెండో ఏడాది కిటికీ కవరులో ఒక ఉత్తరం వచ్చింది, ఎస్క్రో షార్టేజ్ అని, అంటే పన్ను, ఇన్సూరెన్స్ కోసం కిస్తీతోపాటు లోన్ కంపెనీ దాచిపెట్టే డబ్బు చాల్లేదని. ప్రాపర్టీ ట్యాక్స్ పెరిగింది, ఇన్సూరెన్స్ పెరిగింది, కాబట్టి కిస్తీ కూడా పెంచుతున్నాం అని దాని సారాంశం. ఇక్కడ మనం ఉండే సొంతింటికైతే పన్ను కోసం వేసే విలువ ఏడాదికి 10 శాతం మించి పెరగకుండా రక్షణ ఉంది, అద్దె ఇంటికి ఆ 10 శాతం లెక్క వర్తించదు. ఆ ముక్క కొనేటప్పుడు మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. అదే ఏడాది వాటర్ హీటర్ పోయింది, తర్వాత రెండు నెలలు ఇల్లు ఖాళీగా ఉంది. ఆకుపచ్చ గడి కాస్తా ఎర్రగా మారింది.

ట్యాక్స్‌లో కలిసొస్తుందిలే అనుకున్నాం. స్థలం విలువ తీసేసి కట్టడం విలువను 27.5 ఏళ్లకు పంచి ఏటా తరుగుదల చూపించొచ్చు, అది నిజమే. కాకపోతే అలా కాగితం మీద వచ్చిన నష్టాన్ని జీతంలోంచి తీసేయాలంటే ఆదాయ పరిమితి ఉంది. 1,00,000 డాలర్ల దగ్గర్నుంచి ఆ వెసులుబాటు తగ్గుతూ వచ్చి 1,50,000 దాటాక పూర్తిగా పోతుంది. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఇళ్లలో ఇంక చెప్పేదేముంది! ఆ నష్టం ఎక్కడికీ పోదు, తర్వాతి ఏళ్లకు మోసుకెళ్లొచ్చు, కానీ ఈ ఏడు చేతికి రాదు. ఇంత చెప్పినా ఆ ఇల్లు అమ్మలేదు, ఇప్పుడు బాగానే నడుస్తోంది. రెండోది కొనే ఓపిక మాత్రం లేకపోయింది.

అప్పుడే మాకు తెలిసిన ఒకబ్బాయి ఉద్యోగం మానేసి పాత ఇళ్లు కొని బాగుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. మనవాడే, నన్ను అక్కా అంటాడు. వంటగది పీకేసి ఉన్న ఇంటికి మామూలు బ్యాంకులు లోన్ ఇవ్వవు, హార్డ్ మనీ వాళ్ల దగ్గర, అంటే ఇంటిని చూసి కొన్నాళ్లకే అప్పిచ్చే ప్రైవేటు వాళ్ల దగ్గర, రేటు మండిపోతుంది, మీరిస్తారా అక్కా అని అడిగాడు. ఈ ఇంటి లెక్క చెప్తాను చూడండి. కొన్నది 1,30,000 డాలర్లకి. మేమిచ్చింది 1,20,000, అందులో 90,000 కొనడానికి, 30,000 రిపేర్లకి. వడ్డీ ఏడాదికి 10 శాతం, నెలనెలా వడ్డీ ఒక్కటే కడతాడు, 9 నెలల్లో అసలు మొత్తం ఒకేసారి. ఇవి కాక మొదట్లోనే రెండు పాయింట్లు, అంటే అప్పులో రెండు శాతం ఫీజు, 2,400. రిపేర్ డబ్బు ఇంకా ఇవ్వనంతవరకు 90,000 మీద నెలకు 750 వస్తుంది.

అమ్మకి ఫోన్లో చెప్తే "నూటికెంతే?" అంది. లెక్కేసి 83 పైసలు అన్నాను. "రూపాయి వడ్డీ కూడా కాదా, దానికి ఇంత హైరానా ఎందుకే" అని కాసేపాగి, "నోటు రాయించుకున్నారా?" అంది. మా ఆయన అడగాల్సిన మొదటి ప్రశ్న మా అమ్మ అడిగింది.

నోటు ఒక్కటే ఉంటే చాలదండీ. నోటు అంటే తీరుస్తానని రాసిచ్చిన మాట. ఇంటిని తనఖా పెట్టే కాగితం వేరు, దాన్ని ఇక్కడ డీడ్ ఆఫ్ ట్రస్ట్ అంటారు. అది కౌంటీ క్లర్క్ ఆఫీసులో రికార్డ్ అయితేనే ఊరంతటికీ తెలిసినట్టు. రెండూ లాయర్‌తోనే రాయించాం, ఇంటర్నెట్‌లో దొరికిన ఫారం నింపలేదు. కంపెనీ పేరు మీద కొంటున్నాడు కాబట్టి అతని చేత సొంత హామీ కూడా రాయించాం. "ఇది వ్యాపారానికి తీసుకునే అప్పు, ఈ ఇంట్లో నేను కాపురం ఉండను" అని అతని చేత సంతకం కూడా పెట్టించాం, ఎందుకంటే అప్పు తీసుకునేవాళ్లే కాపురం ఉండే ఇంటి మీద అప్పిస్తే లైసెన్సులు, రూల్స్ పూర్తిగా వేరే, నేను ఆ జోలికే వెళ్లను. డబ్బు అతని అకౌంట్‌కి వేయలేదు, ఇంటి హక్కులు సరిచూసి కొనుగోలు డబ్బు చేతులు మార్చే టైటిల్ కంపెనీకి వైర్ చేశాం. ఆ అకౌంట్ నంబర్ ఈమెయిల్‌లో వస్తుంది, అది నమ్మి పంపేయకండి, దారిలో మెయిల్ మార్చేసే దొంగలున్నారు. ముందునుంచీ మీ దగ్గరున్న నంబరుకి ఫోన్ చేసి ఒక్కొక్క అంకె చదివించుకోండి. నేను రెండుసార్లు చదివించాను, ఫోన్లో ఉన్నావిడ విసుక్కుంది కూడా.

ఇక అసలు గొడవ వచ్చేది ఇంటి విలువ దగ్గర. బాగుచేశాక 2,20,000 పలుకుతుందని అతనన్నాడు. మేము చుట్టుపక్కల ఆరు నెలల్లో అమ్ముడైనవి చూసుకుంటే 1,90,000 దాటలేదు. మా లెక్క ప్రకారం మా అప్పు అందులో 63 శాతం. 70 దాటితే ఇవ్వకూడదని మేమిద్దరం ముందే అనుకున్నాం. అయినా మధ్యలో పని ఆగిపోతే మన చేతికొచ్చేది 1,90,000 ఇల్లు కాదు కదా, సగం పీకేసిన ఇల్లు. అందుకే రిపేర్ డబ్బు ఒకేసారి ఇవ్వం, పని అయినంతవరకే విడతలవారీగా, దాన్నే డ్రా అంటారు. కొనకముందు ప్లంబర్ డ్రైనేజీలోకి కెమెరా పంపాడు. నేల కాంక్రీటు కింద పాత ఇనప పైపు, ఫోన్ స్క్రీన్ మీద తుప్పు పెచ్చులు పెచ్చులుగా, ఒకచోట అడుగు లేదు, వట్టి మట్టి. అది చూశాకే రిపేర్ బడ్జెట్ 22,000 నుంచి 30,000కి పెంచాం.

మూడో నెలలో భయపడ్డ సంగతి కూడా చెప్తాను. పోస్టులో ఇన్సూరెన్స్ రద్దు నోటీసు వచ్చింది, ప్రీమియం కట్టలేదట. పాలసీలో అప్పిచ్చినవాళ్లుగా మా పేరు రాయించాం కాబట్టి మాకొచ్చింది, లేకపోతే ఆ సంగతే తెలిసేది కాదు. ఇంట్లో మనుషులు లేరు, కరెంటు తీగలు వేలాడుతున్నాయి, ఇన్సూరెన్స్ లేదు! ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. కార్డు గడువు అయిపోయింది అక్కా, చూసుకోలేదు అన్నాడు, పొద్దున్నే కట్టేశాడు. అతను కట్టకపోతే మేము కట్టి అప్పులో కలుపుకునే హక్కు కాగితాల్లో ఉందని ఆ రాత్రి రెండింటికి లేచి మళ్లీ చదువుకున్నాను.

సరే, అసలే కట్టకపోతే? టెక్సాస్‌లో ప్రతి నెలా మొదటి మంగళవారం కోర్టు దగ్గర వేలం. 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అప్పిచ్చేముందు ఒకసారి సెలవు పెట్టి చూసొచ్చాను. ఏదో హంగామా ఉంటుందనుకున్నా, ఒకాయన కాగితం చూసి గొణుగుతున్నట్టు చదువుతున్నాడు, చుట్టూ పదిమంది చేతిలో క్యాషియర్స్ చెక్కులు, అంటే బ్యాంకే రాసిచ్చే చెక్కులు, అయిదు నిమిషాల్లో ఒకరి ఇల్లు ఇంకొకరిదైపోయింది. ప్రాపర్టీ ట్యాక్స్ బాకీ ఉంటే అది మనకంటే ముందు వరసలో ఉంటుందని కూడా అక్కడే ఒక పెద్దాయన చెప్పాడు. అప్పట్నుంచి కౌంటీ వెబ్‌సైట్‌లో పన్ను కట్టారో లేదో నేనే చూసుకుంటున్నాను. ఈమధ్య ఇంకొకరు 14 శాతం ఇస్తాం, రెండో లీన్ తీసుకోండి అన్నారు, అంటే ఇంకొకరి అప్పు తర్వాతి వరసలో ఇంటి మీద హక్కు. మొదటివాళ్లు వేలం వేస్తే రెండోవాళ్ల హక్కు ఇంటి మీదనుంచి పోతుంది, మిగిలిన డబ్బేమైనా ఉంటే అందులోంచే తీసుకోవాలి. వద్దన్నాను.

వడ్డీ మీద పన్ను మామూలు జీతం మీద పడ్డట్టే పడుతుంది, తరుగుదలలేవీ ఉండవు. వీసా మీద ఉన్నవాళ్లు మాత్రం ఏది పెట్టుబడి, ఏది పని కింద లెక్క అని ముందే లాయర్‌ని అడగండి, నేను చెప్పే విషయం కాదు.

ఆ, మనవాడు వచ్చాడు. ఇదిగో ఇది వంటగది. "అక్కా, క్యాబినెట్లు వచ్చేశాయి చూడండి, రెండో డ్రా వేసేయండి, టైల్స్ వాడికి ఇవ్వాలి." పన్నెండు అట్టపెట్టెలు హాల్లో ఉన్నాయి, టేపు కూడా విప్పలేదు. కాగితంలో "బిగించిన తర్వాత" అని ఉంది. మంగళవారానికి బిగించేస్తాను అన్నాడు. అయితే మంగళవారం సాయంత్రం వస్తాను తమ్ముడూ అన్నాను. ఆ పెట్టెలకి ఫోటో తీసుకుని, సింకు కిందకి వంగి కొత్త పైపు జాయింట్ తడిగా ఉందేమో చేత్తో తడిమి చూశాను, పొడిగానే ఉంది. పిల్లల క్లాసు అయిపోయే టైమైంది, వెళ్లాలి.