చర్చి మీద ఇంకో పైకప్పు: ట్రూడోస్ కొండపల్లెలు

హోస్ట్: సైప్రస్ అనగానే అందరూ బీచ్‌ల గురించే అడుగుతారు. ఇవాళ మనం ట్రూడోస్ కొండలెక్కుదాం. అక్కడి కుడ్యచిత్రాల చర్చిల్లో పదింటికి యునెస్కో గుర్తింపు ఉంది. ఎన్ని రోజులు పెట్టుకోవాలండీ?

అతిథి: మూడు రోజులు. రోజుకి మూడు చర్చిలు దాటొద్దు. మ్యాప్‌లో దగ్గరగానే ఉంటాయి గానీ, అంతా ఘాట్ రోడ్డు. అక్కడా ఎడమ పక్కనే నడపాలి కాబట్టి మనవాళ్లకి చెయ్యి తిరిగినట్టే ఉంటుంది. దిగేటప్పుడు మాత్రం గేరు తగ్గించి దిగండి. బ్రేకు తొక్కుతూనే ఉంటే అది వేడెక్కి పట్టు వదిలేస్తుంది. పెట్రోలు కిందే పట్టించుకోవాలి. చలికాలమైతే పైన మంచు పడుతుంది, రోడ్డు సంగతి కనుక్కోకుండా బయల్దేరొద్దు.

హోస్ట్: బస ఎక్కడ?

అతిథి: కాకోపెట్రియా. పక్కనే గలాటా ఊళ్లో 1502 నాటి పొదితూ చర్చి ఉంది. మర్నాడు మరథాసా లోయ: పెదూలాస్, ముతుల్లాస్, కలోపనాయోటిస్ ఒకే దారిలో వరసగా వస్తాయి. మూడో రోజు అసీనూ, లగుదేరా చర్చిలు.

హోస్ట్: తాళాల సంగతి చాలామంది అడుగుతున్నారు.

అతిథి: అసలు చిక్కు అక్కడే! కొన్ని చర్చిల తాళం ఊళ్లో ఫాదర్ దగ్గరో, కాపలాదారు దగ్గరో ఉంటుంది. ప్లాటనిస్తాసా చర్చి అయితే ఊరికి కొన్ని కిలోమీటర్ల దూరంలో, అడవిలో ఉంది. తిన్నగా చర్చికే వెళ్తే తలుపు చూసి వెనక్కి రావాల్సిందే. ముందు రోజే ఫోన్ చేయించండి, లేదంటే ఊళ్లో కాఫీ కొట్టు దగ్గర అడగండి. మధ్యాహ్నం పూట, ఆదివారం ఆరాధన వేళ వెళ్లొద్దు. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి. ఫ్లాష్ అస్సలు వాడకూడదు, కొన్నిచోట్ల ఫొటోలే తీయనివ్వరు. హుండీలో వేయడానికి చిల్లర యూరోలు ఉంచుకోండి.

హోస్ట్: లోపలికెళ్లాక ముందు ఏం చూడాలి?

అతిథి: లోపలికి కాదండీ, ముందు బయట ఒక చుట్టు తిరగండి. కాకోపెట్రియాలోని ఆయియోస్ నికోలాస్ చర్చికి గుమ్మటం, కమానులు ఉన్నాయి. వాటి పైన మళ్లీ బాగా వాలుగా కట్టిన చెక్క కప్పు, దాని మీద బల్లపరుపు పెంకులు. వానా మంచూ నిలవకుండా జారిపోతాయి. కింద కట్టడంలోకి చెమ్మ దిగితే గార ఉబ్బుతుంది, బొమ్మ దాంతోపాటే పెచ్చులూడిపోతుంది. ఆ బొమ్మలు ఇంతకాలం నిలవడానికి ఈ కప్పు పెద్ద కారణం. చాలామంది దీన్ని చూడకుండానే లోపలికి దూరిపోతారు, అది నాకు బాధగా ఉంటుంది.

హోస్ట్: ఒక్క బొమ్మ దగ్గరే ఆగాలంటే?

అతిథి: పెదూలాస్. 1474లో బొమ్మలు వేసిన ఆర్చ్‌ఏంజెల్ మైకేల్ చర్చి. కట్టించిన ఫాదర్ వాసిలియోస్, భార్యా ఇద్దరు కూతుళ్లతో గోడమీదే ఉంటారు. ఆయన చేతిలో ఆ చర్చి నమూనా, దాన్ని దేవదూతకి సమర్పిస్తున్నారు.

హోస్ట్: మరి లగుదేరా?

అతిథి: అక్కడి బొమ్మలు 1192వి. తల పైకెత్తితే గుమ్మటంలో క్రీస్తు. ఎండలోంచి వెళ్తే మొదట ఏమీ కనబడదు, కళ్లు సర్దుకోవడానికి ఐదు నిమిషాలైనా ఇవ్వండి. అసీనూ బొమ్మలు ఇంకా పాతవి, 1105-06లో మొదలయ్యాయి. వీలైతే అసీనూ ముందు, లగుదేరా తర్వాత చూడండి. బట్టల మడతలు గీసే తీరు ఈ రెంటి మధ్య కాలంలో ఎంత మారిందో మీకే తెలిసిపోతుంది.