ఎనిమిది మంది, తలా 10 లక్షలు, ఒక్క షీట్: మా ఉత్తుత్తి షేర్ మార్కెట్ ఆట రివ్యూ

ఈ వీడియోలో మీకు కనిపించబోయే లక్షల్లో ఒక్క రూపాయి కూడా నిజం కాదండీ. ముందే చెప్పేస్తున్నా. లేకపోతే వీడియో సగం కాకముందే కామెంట్లలో "అన్నా, ఇప్పుడు ఏ షేర్ కొనమంటావ్" అని మొదలైపోతుంది. నేను చెప్పను. ఎందుకు చెప్పకూడదో నా ర్యాంకు చూస్తే మీకే అర్థమవుతుంది.

నమస్తే. ఇవాళ రివ్యూ ఏ యాప్‌దీ కాదు, మా ఇంటి ఆటది. 2024 మే 13, గుర్తుందిగా? మన రెండు రాష్ట్రాల్లో పోలింగ్ రోజు. మనకి సెలవు, మార్కెట్‌కి లేదు. పొద్దున్నే ఓటేసి వచ్చాం. వేలి మీద సిరా ఇంకా మెరుస్తూనే ఉంది, ఫ్యామిలీ గ్రూపులో మా బాబాయ్ మెసేజ్: "అందరూ ఖాళీయే కదా, ఆట మొదలెడదాం." ఆయన బ్యాంకులో చేసి రిటైరయ్యారు. అంటే రూల్స్ ఆయనవి, రిఫరీ ఆయనే, పైగా ఆడేది కూడా ఆయనే. ఇదెక్కడి న్యాయం అని అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు.

రూల్స్ చకచకా చెప్పేస్తా. తలా 10 లక్షల ఉత్తుత్తి డబ్బు. ఎన్‌ఎస్‌ఈలో, అంటే నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఉన్న ఏ షేరైనా కొనొచ్చు. కొనేటప్పుడు ఒక్క షేరులో 30 శాతం మించకూడదు. ఫ్యూచర్స్ లేవు, ఆప్షన్స్ లేవు. ఆ రోజు క్లోజింగ్ ధరకే, అంటే మధ్యాహ్నం మూడున్నరకి మార్కెట్ మూసేటప్పటి ధరకే, కొన్నట్టు, అమ్మినట్టు లెక్క. మొత్తం ఆటలో పది ఆర్డర్లే. ముగింపు జూన్ 14. డబ్బు పందెం లేదు, ఆఖరున వచ్చినవాళ్లు అందరికీ ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. అంతే.

యాప్ ఎందుకు పెట్టుకోలేదని అడుగుతారేమో. తమాషా ఏంటంటే మా ఆట నడుస్తుండగానే, మే 24న, షేర్ మార్కెట్‌ని నియంత్రించే సెబీ ఒక సర్క్యులర్ ఇచ్చింది. వర్చువల్ ట్రేడింగ్, ఫాంటసీ గేములు నడిపేవాళ్లకి లైవ్ ధరల డేటా ఇవ్వొద్దని ఎక్స్ఛేంజీలకి చెప్పింది. మళ్లీ అదే ఏడాది నవంబర్ 4న ఇలాంటి ప్లాట్‌ఫామ్‌ల జోలికి వెళ్లొద్దని జనానికీ హెచ్చరిక. ఇంట్లోవాళ్లు నలుగురు కూర్చుని ఆడుకోవడానికి గూగుల్ షీట్ చాలు. అందులో గూగుల్‌ఫైనాన్స్ అనే ఫార్ములా ఉంది, ఎన్‌ఎస్‌ఈ అని రాసి షేరు గుర్తు కొడితే ధర వచ్చి పడుతుంది. ఇరవై నిమిషాల దాకా ఆలస్యంగా రావచ్చు. మాది క్లోజింగ్ ధర ఆట కాబట్టి ఫరవాలేదు.

ఫరవాలేదు అనుకున్నాం. ఇక్కడే మొదటి దెబ్బ.

బాబాయ్ పెట్టిన రూల్ ప్రకారం ఆ రోజు ఆర్డర్ రాత్రి 12 లోపు గ్రూపులో పెడితే చాలు. ఆఫీసులకు వెళ్లేవాళ్లకి ఇబ్బంది కాకూడదని ఆయన ఉద్దేశం. మా పిన్నికొడుకు డల్లాస్‌లో ఉంటాడు. మొదటి వారం వాడు ఇన్ఫోసిస్ ఆర్డర్ పెట్టింది రెండుసార్లు, రెండుసార్లూ మనకి రాత్రి ఎనిమిది దాటాకే. పొద్దున్నకల్లా ఇన్ఫోసిస్ వాడనుకున్నట్టే కదిలేది. వీడేమన్నా జ్యోతిష్యుడా అనుకున్నాం. సంగతి ఏంటంటే, ఇన్ఫోసిస్ న్యూయార్క్‌లో కూడా లిస్టయి ఉంది. వేసవిలో అక్కడి మార్కెట్ మన టైం ప్రకారం రాత్రి 7కి తెరుస్తారు. వాడు కాఫీ తాగుతూ అక్కడ ఇన్ఫోసిస్ ఎటు పోతోందో చూసి, ఇక్కడ మధ్యాహ్నం మూడున్నర ధరకి కొనేవాడు. అయిపోయిన మ్యాచ్ మీద పందెం కాసినట్టన్నమాట. విప్రో, హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంక్, ఐసీఐసీఐ బ్యాంక్, మన డాక్టర్ రెడ్డీస్, ఇవన్నీ అక్కడా లిస్టయినవే. సాయంత్రం ఫలితాలు ప్రకటించే కంపెనీలతోనూ ఇదే కిటుకు.

ఇది మోసమా? బాబాయ్ మోసమన్నారు. నేనైతే కాదంటా. రూల్‌లో ఉన్న కన్నం కనిపెట్టడం ఆటలో భాగమే. మీరు ఏ ఆట ఆడినా మొదటి రోజు షేర్లు చూడకండి, రూల్స్ చూడండి. ఏ ధరకి కొన్నట్టు లెక్క, ఆర్డర్ ఎప్పటిదాకా తీసుకుంటారు? ఈ రెంటి మధ్య సందు ఉంటే గెలుపు సగం అక్కడే ఉంది. రెండో వారం నుంచి మేం ఆర్డర్ గడువు మధ్యాహ్నం 3 చేశాం.

సరే, ఇప్పుడు నా గొప్ప. మూడు వారాలు నేనే ఫస్టు. షీట్‌లో నా పేరు పక్కన ఆకుపచ్చ గడి, చూసుకుని మురిసిపోవడమే పని. 30 శాతం ఆర్‌ఈసీ (కరెంటు ప్రాజెక్టులకి అప్పులిచ్చే ప్రభుత్వ కంపెనీ), 30 శాతం ఎస్‌బీఐ, మిగతాది అటూ ఇటూ. అప్పట్లో ప్రభుత్వ రంగ షేర్లు పరుగులు పెడుతున్నాయి. నా 10 లక్షలు జూన్ 3 సాయంత్రానికి 11 దాటాయి. జూన్ 1న ఎగ్జిట్ పోల్స్ వచ్చాయి, 3న నిఫ్టీ, అంటే ఎన్‌ఎస్‌ఈలోని 50 పెద్ద కంపెనీల సూచీ, మూడు శాతం పైన ఎగిరింది. నాకేం తక్కువ?

ఒక్కటి తక్కువైంది. నా వెనకున్న నలుగురి దగ్గరా అవే షేర్లు ఉన్నాయి, కాకపోతే నా అంత లేవు. షీట్‌లో అందరి పోర్ట్‌ఫోలియోలూ అందరికీ కనిపిస్తాయి. నేను చూసుకున్నది నా గడి ఒక్కటే.

చూసింది మా మరదలు. విజయవాడలో సీఏ ఇంటర్ చదువుతోంది. అప్పటికి ఆరో స్థానం. హిందుస్థాన్ యూనిలీవర్ లాంటి సబ్బుల కంపెనీలు పట్టుకుని కూర్చుంది, అవేమో కదలవు. మూడో తారీఖు మధ్యాహ్నం నేనే ఫోన్ చేసి ఎగతాళి చేశా. "ఎస్‌బీఐ కొనుక్కోవే, ఇప్పటికైనా" అన్నాను.

"కొంటే ఏమవుతుంది బావా?"

"పెరుగుతుంది."

"నీదీ పెరుగుతుందిగా. నేను ఆరులోనే ఉంటా. నువ్వు కొన్నదే నేనూ కొంటే నిన్ను దాటేదెలా?"

నేను నవ్వేశా. అప్పుడు అర్థం కాలేదండీ, ఒట్టు. ఈ వీడియో మొత్తానికి ఆ ఒక్క మాటే అసలు సరుకు. ఈ ఆటలో ఆరో స్థానానికీ ఏడో స్థానానికీ తేడా లేదు. అందుకని వెనకున్నవాడికి పోయేదేం లేదు. వాడు చేయాల్సింది ముందున్నవాళ్ల దగ్గర లేనిది పట్టుకోవడం. అది మంచి షేరా చెడ్డ షేరా అన్నది రెండో ప్రశ్న. గట్టిగా అటో ఇటో కదిలేదా అన్నది మొదటిది.

ఆవిడ మూడుకి పది నిమిషాల ముందు ఆర్డర్ పెట్టింది. హెరిటేజ్ ఫుడ్స్, 30 శాతం. చంద్రబాబు నాయుడు కుటుంబం ప్రమోటర్లుగా ఉన్న పాల కంపెనీ. ఆంధ్రాలో ఎవరు గెలుస్తారో తనకి తెలుసని కాదు, ఎగ్జిట్ పోల్స్ ఎక్కువ ఒకవైపు చెప్పాయి, కొన్ని ఇంకోవైపు చెప్పాయి. మర్నాడు ఈ షేరు మాత్రం ఊరికే ఉండదు, అదీ లెక్క. క్లోజింగ్ 424 రూపాయలు. తన చేతికి ఓ 720 షేర్లు వచ్చాయి.

జూన్ 4. టీవీలో ఓట్ల లెక్కింపు, చేతిలో ఫోన్, ఫోన్‌లో షీట్. పదిన్నర ప్రాంతంలో నా గడి ఆకుపచ్చ నుంచి తెల్లగా మారింది. కాసేపటికి ఎర్రబడింది. మా అమ్మ ఉప్మా తెచ్చి పక్కన పెట్టింది, చల్లారిపోయింది కూడా. సాయంత్రానికి నిఫ్టీ 1,379 పాయింట్లు పడి 21,884 దగ్గర ఆగింది, దాదాపు ఆరు శాతం. ఎస్‌బీఐ 14 శాతం దాకా పోయింది, ఆర్‌ఈసీ 20 శాతం దాటి పోయింది. నా ఉత్తుత్తి డబ్బు ఒక్కరోజులో లక్షకు పైగా కరిగి, 10 లక్షల కిందికొచ్చింది. ఉత్తుత్తి డబ్బే కదా అని ఎంత సర్దిచెప్పుకున్నా ఆ రాత్రి అన్నం సహించలేదు. నవ్వకండి.

మరదలి సబ్బుల కంపెనీ ఆ రోజే ఆరు శాతం దాకా పెరిగింది. హెరిటేజ్ 4న కొంత పెరిగింది, ఆ తర్వాత 5న 20 శాతం, 6న పది, 7న పది, వరుసగా అప్పర్ సర్క్యూట్లు, అంటే ఆ రోజుకి అంతకు మించి పెరగనివ్వని హద్దు. 424 కాస్తా 661. తన మొత్తం 12 లక్షలు దాటేసింది.

మధ్యలో ఇంకో గొడవ. 5న నేనూ, బాబాయ్ కూడా హెరిటేజ్ కొంటామని ఆర్డర్ పెట్టాం. అవును, రిఫరీ గారు కూడా. డల్లాస్ వాడు అడ్డం తిరిగాడు. షేరు అప్పర్ సర్క్యూట్‌లో ఇరుక్కుపోతే అమ్మేవాడే ఉండడు, నిజం మార్కెట్‌లో మీకు ఒక్క షేరు కూడా దొరకదు, ఇక్కడెలా దొరుకుతుంది అని. వాడన్నది కరెక్టే. రూల్ లేదు కదా అని బాబాయ్. రాత్రంతా గ్రూపులో వాదనలు, చివరికి ఓటింగు పెట్టి ఆర్డర్లు కొట్టేశారు. మీరు ఆట పెట్టుకుంటే ఈ రూల్ మొదటి రోజే రాసుకోండి: సర్క్యూట్‌లో ఉన్న షేరు ఆ రోజు కొనడానికీ, అమ్మడానికీ లేదు. లోయర్ సర్క్యూట్‌కీ ఇదే వర్తించాలి, లేకపోతే పడిపోతున్నవాడు హాయిగా తప్పించుకుంటాడు.

ఇక నాకు అన్నిటికంటే నచ్చిన ఎత్తు ఇప్పుడు చెప్పేది. జూన్ 7న, అందరూ "ఉంచుకో, ఇంకా పోతుంది" అంటుంటే మరదలు హెరిటేజ్ మొత్తం అమ్మేసింది. అమ్మి, రెండో స్థానంలో ఉన్న డల్లాస్ వాడి పోర్ట్‌ఫోలియో తెరిచి, వాడి దగ్గర ఏ శాతంలో ఏవి ఉన్నాయో దాదాపు అవే కొనేసింది. వాడికి ఒళ్లు మండిపోయింది. వాడు పెరిగితే ఆవిడా పెరుగుతుంది, వాడు పడితే ఆవిడా పడుతుంది, మధ్యనున్న లక్ష మాత్రం చెక్కుచెదరదు. వాడు కొత్త షేరు కొంటే మర్నాడు ఆవిడ కూడా అదే. మధ్యాహ్నం మూడింటికి గ్రూపులో వాడి ఆర్డర్, మర్నాడు మధ్యాహ్నం ఆవిడ ఆర్డర్, దాని కింద ఓ నమస్కారం బొమ్మ. ఆఖరికి వాడి పది ఆర్డర్లూ అయిపోయాయి, ఆవిడ దగ్గర ఇంకా రెండున్నాయి.

నేను జూన్ 3న చేయాల్సింది అదే. ఫస్టులో ఉన్నవాడు రెండోవాడిలా మారిపోవాలి. నేను అప్పుడు ఎస్‌బీఐ సగం అమ్మి నా వెనకవాడి దగ్గరున్నవి కొని ఉంటే నాలుగో తారీఖు ఇద్దరం కలిసి పడేవాళ్లం, ఫస్టు నాదే ఉండేది. రమ్మీలో చేతిలో సీక్వెన్స్ పడ్డాక కూడా ఇంకో జోకర్ కోసం ఆగి షో పోగొట్టుకున్నట్టయింది నా పని.

కొందరంటారు, ఇదంతా అదృష్టం కదా, ఫలితం అటు తిరిగి హెరిటేజ్ పడి ఉంటే? పడేది. తను ఆరు నుంచి ఎనిమిదికి వెళ్లి చాయ్ తాగించేది. నిజం డబ్బు 30 శాతం ఓట్ల లెక్కింపుకి ముందురోజు ఒక్క షేరులో పెట్టేవాళ్లుంటే మాత్రం, ఈ వీడియో ఆపి ముందు ఇంట్లోవాళ్లతో మాట్లాడండి.

ఆటగా రేటింగ్ అడిగితే ఐదుకి మూడున్నర. ఒకటి తీసేసింది నెలరోజుల గడువుకి, అంత చిన్న ఆటలో ఒక్క వార్తే అన్నీ తేల్చేస్తుంది. అర తీసేసింది రిఫరీకి. మే 13న నిఫ్టీ 22,104, జూన్ 14న 23,465. అంటే ఏమీ చేయకుండా నిఫ్టీ కొని పడుకున్నవాడికి ఆరు శాతం పైనే. మా ఎనిమిది మందిలో దాన్ని దాటింది ముగ్గురే. నేను ఏడోవాణ్ణి.

ఎనిమిదో ఆయన బాబాయ్. చాయ్ తాగించారు, బిస్కెట్లూ తెప్పించారు. బిల్లు కడుతూ కూడా, ఐదో తారీఖు తన హెరిటేజ్ ఆర్డర్ చెల్లుతుందనే అంటున్నారు.