బస్సెక్కి చదువుకునే వారికి ఏ కాలేజీ?

[దృశ్యం: ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. దేవరకొండ దగ్గరి ఒక తండా స్టేజీ. పుస్తకాల సంచితో నిలబడిన అమ్మాయి. దూరంగా పల్లెవెలుగు బస్సు లైట్లు.]

నమస్కారం. ఇంటర్ పూర్తయి, తెలంగాణలో డిగ్రీ సీట్లు ఇచ్చే ఆన్‌లైన్ విధానమైన దోస్త్‌లో వెబ్ ఆప్షన్లు, అంటే కావలసిన కాలేజీల వరుస, పెట్టబోతున్న వారి కోసం, ముఖ్యంగా హాస్టల్‌లో కాకుండా ఇంటి నుంచి రోజూ వెళ్లివచ్చే వారి కోసం ఈ వీడియో. నేనూ మూడేళ్లు అలాగే ఉదయం ఏడు గంటల బస్సెక్కి చదువుకున్నాను. కాలేజీని ఎంచుకునేటప్పుడు మాకు ఎవరూ చెప్పని లెక్క ఒకటుంది. ముందు అది చెబుతాను.

[తెర మీద అంకెలు ఒక్కొక్కటిగా రావాలి.]

సెమిస్టర్‌కు 90 పనిదినాలు అనుకుందాం. రోజుకు ఆరు పీరియడ్లు. మొత్తం 540. హాజరు 75 శాతం ఉండాలి, అంటే 405 పీరియడ్లు. ఈ హాజరు మీదే ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా ఆధారపడి ఉంటుంది కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. వేళకు తరగతిలో కూర్చోగలిగే విద్యార్థి 22 రోజులు రాకపోయినా గట్టెక్కుతాడు. మరి మీ బస్సు పదీ ఇరవైకి చేరుతూ, మొదటి పీరియడ్ పది గంటలకే మొదలైతే? రోజూ ఒక పీరియడ్ పోతుంది. మిగిలిన ఐదూ తప్పకుండా విన్నా, 405 నిండాలంటే 81 రోజులు రావాలి. ఇక మీకు మిగిలేది తొమ్మిది రోజులు. జ్వరం, పత్తి ఏరే రోజులు, ఇంట్లో పెళ్లి, వాగు పొంగి బస్సు రాని రోజు, అన్నీ ఆ తొమ్మిదిలోనే సర్దుకోవాలి.

ఇరవై నిమిషాల ఆలస్యం చేసే పని ఇది. అందుకే కాలేజీ పేరు కన్నా ముందు బస్సు వేళ అడగమంటాను.

[దృశ్యం: నల్లగొండ బస్టాండు. ప్లాట్‌ఫాం మీద విద్యార్థుల గుంపు.]

దేవరకొండ నుంచి నల్లగొండకు సుమారు 60 కిలోమీటర్లు. తండా నుంచి స్టేజీ వరకు నడక, దేవరకొండలో బస్సు మారడం, నల్లగొండలో దిగాక ఆటో, ఇవన్నీ కలిపితే ఒక వైపు రెండు గంటలు పట్టవచ్చు. రానూపోనూ నాలుగు గంటలు. 90 రోజులకు 360 గంటలు, అంటే పదిహేను పగళ్లూ పదిహేను రాత్రులూ ప్రయాణంలోనే పోతాయి. దేవరకొండలోనే ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. అక్కడ చేరితే ఈ సమయంలో చాలా భాగం మీకు మిగులుతుంది.

అలాగని దగ్గరిదే ఎప్పుడూ మంచిదని నేను అనను. నల్లగొండలో నాగార్జున ప్రభుత్వ కళాశాల ఉంది, మహబూబ్‌నగర్‌లో ఎం.వి.ఎస్. ప్రభుత్వ కళాశాల ఉంది. రెండూ స్వయంప్రతిపత్తి గల కళాశాలలు. ప్రశ్నపత్రాలు, పరీక్షలు కళాశాలే చూసుకుంటుంది, పట్టా మాత్రం విశ్వవిద్యాలయం ఇస్తుంది. మీకు కావలసిన గ్రూపు మీ దగ్గరి కాలేజీలో లేకపోతే, ఉన్నా బోధించే అధ్యాపకులు లేకపోతే, దూరం వెళ్లక తప్పదు. అప్పుడు ఆ దూరాన్ని ఎలా మోయాలో ముందే ఆలోచించుకోవాలి.

[దృశ్యం: జడ్చర్ల. పచ్చని తోటలో మొక్కల పేర్ల పలకలు.]

ఒక్కోసారి దగ్గరి కాలేజీలోనే పెద్ద కాలేజీలో దొరకనిది ఉంటుంది. జడ్చర్లలో బూర్గుల రామకృష్ణారావు పేరు మీద ప్రభుత్వ డిగ్రీ కాలేజీ ఉంది. ఆ ప్రాంగణంలోనే తెలంగాణ బొటానికల్ గార్డెన్ ఉంది. మిడ్జిల్ నుంచి మహబూబ్‌నగర్ వెళ్లే విద్యార్థి జడ్చర్ల మీదుగానే వెళ్లాలి. వృక్షశాస్త్రం చదవాలనుకునే వారు అక్కడ దిగకుండా ముందుకు పోయేముందు ఒకసారి ఆ తోటలోకి వెళ్లి చూడాలి. పాఠంలోని మొక్కను చేత్తో తాకి నేర్చుకునే అవకాశం రోజువారీ దారిలోనే ఉండటం చిన్న విషయం కాదు.

ఇప్పుడు ఖాళీ పీరియడ్ల గురించి. నన్ను అడిగితే అసలు విషయం ఇదే.

హాస్టల్ విద్యార్థికి ఖాళీ దొరికితే గదికి వెళ్లి పడుకుంటాడు, చదువుకుంటాడు, తింటాడు. మీకు ఆ గది లేదు. పదకొండుకు ఒక తరగతి, మళ్లీ రెండింటికి ప్రాక్టికల్ అయితే ఆ మధ్య గంటలు ఎక్కడ గడుపుతారు? నేను చదివిన చోట గ్రంథాలయానికి చాలా రోజులు తాళం ఉండేది. చెట్టు కింద కూర్చునేవాళ్లం, వాన పడితే వరండాలో నిలబడేవాళ్లం. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరవడానికి చోటు వెతుక్కునేవాళ్లం. అమ్మాయిల కష్టం ఇంకా ఎక్కువ. శుభ్రమైన మరుగుదొడ్డి లేక పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా ఉండే స్నేహితురాళ్లను చూశాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

కాబట్టి కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు ఆఫీసు గది దగ్గరే ఆగిపోవద్దు. గ్రంథాలయం ఎన్ని గంటల దాకా తెరిచి ఉంటుందో అడగండి. లోపల కూర్చునే బల్లలు చూడండి. తాగునీరు చూడండి. అమ్మాయిలైతే విశ్రాంతి గది, మరుగుదొడ్డి చూపించమని మొహమాటం లేకుండా అడగండి. సైన్సు గ్రూపుల వారు ప్రాక్టికల్స్ ఎన్నింటికి ముగుస్తాయో, ఊరికి చివరి బస్సు ఎన్నింటికో పక్కపక్కన రాసుకోండి. ఎన్‌సీసీ, ఎన్ఎస్ఎస్‌లో చేరాలన్నా ఇదే లెక్క. చివరి బస్సు కోసం పరుగెత్తే విద్యార్థి వాటికి దూరమైపోతాడు.

[దృశ్యం: కండక్టర్ జీరో టికెట్ ఇస్తున్నాడు.]

ఖర్చు సంగతి. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఎంతోమంది అమ్మాయిలకు పట్నం కాలేజీ అందుబాటులోకి వచ్చింది దీనివల్లే. తమ్ముళ్లకు మాత్రం స్టూడెంట్ పాస్ కావాలి. అది ఏ బస్సుల్లో చెల్లుతుందో, ఎంత దూరం వరకు ఇస్తారో డిపోలో కనుక్కున్నాకే దూరపు కాలేజీని పైన పెట్టండి.

రోజూ తిరగలేమనుకుంటే నలుగురు కలిసి గది తీసుకోవడం ఉంది, ప్రభుత్వ పోస్ట్‌మెట్రిక్ హాస్టళ్లు ఉన్నాయి. ఉపకార వేతనం దరఖాస్తులో డే స్కాలరా, హాస్టలా అన్న చోట నిజంగా ఉన్నదే రాయండి. తర్వాత మార్చుకోవడానికి తిరగాల్సి వస్తుంది.

పీజీ వారికి రెండు మాటలు. నల్లగొండ దగ్గరి అన్నెపర్తిలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్ దగ్గరి బండమీదిపల్లిలోని పాలమూరు విశ్వవిద్యాలయం రెండూ ఊరి నడుమ లేవు. బస్టాండు దాకా వచ్చే సమయం లెక్కవేసి ఊరుకోకండి. అక్కడి నుంచి క్యాంపస్ గేటు దాకా బస్సో ఆటోనో ఎంతసేపటికి దొరుకుతుందో కూడా చూడండి.

[దృశ్యం: ఫోను తెర మీద ఆప్షన్ల పేజీ.]

ఇక ఆప్షన్ల వరుస. దోస్త్‌లో మీ మార్కులు, రిజర్వేషన్, మీరు పెట్టిన వరుసను బట్టి సీటు వస్తుంది. అందుకే నిజంగా వెళ్లలేని కాలేజీని పేరు చూసి పైన పెట్టవద్దు. అది వచ్చేస్తే ఆ విడతలో కింద ఉన్నది మీకు రాదు. ఇంకో విషయం. చేరిన కాలేజీలోనే గ్రూపు మార్చుకోవడానికి ఇంట్రా కాలేజ్ విడత ఉంటుంది. ఆ విడతలో కాలేజీని మార్చుకోలేరు. గ్రూపు విషయంలో ఊగిసలాట ఉన్నా సరే, కాలేజీ విషయంలో ముందే గట్టిగా తేల్చుకోండి. సీటు వచ్చాక గడువులోపు ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్, అంటే సీటు తీసుకుంటున్నట్టు ఖాయం చేయడం, చేయకపోతే ఆ సీటు పోతుంది.

ఆప్షన్లు పెట్టేముందు ఒక్క రోజు కేటాయించండి. మీరు రోజూ ఎక్కబోయే బస్సే ఎక్కి కాలేజీ దాకా వెళ్లండి, సాయంత్రపు బస్సులోనే తిరిగి రండి. వీలైతే అమ్మనో నాన్ననో వెంట తీసుకెళ్లండి. మీరు ఏ దారిలో, ఎంతసేపు తిరగబోతున్నారో వారు కూడా కళ్లారా చూడాలి. వేసవి సెలవుల్లో బస్సు ఖాళీగా కనిపిస్తుంది, దాన్ని చూసి నమ్మవద్దు. కాలేజీలు తెరిచాక అదే బస్సులో కాలు పెట్టే చోటు ఉంటుందా, మీ స్టేజీలో ఆగుతుందా అన్నది మీ ఊరి సీనియర్ అక్కనో అన్ననో అడగండి. మీ వరుసలో మొదటి రెండు ఆప్షన్ల మధ్య ఎటూ తేలకపోతే, వారు చెప్పే మాట విన్నాకే సేవ్ నొక్కండి.