బీడు ఖాళీ నేల కాదు

(అనంతపురంలో రైతులు, డిగ్రీ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, కాలేజీ నుంచి వచ్చిన పిల్లలకు నమస్కారం.

నేను గొర్రెల కాపరుల ఇంట్లో పుట్టినవాణ్ని. మాది రామగిరి కొండల కింద పల్లె. 1990ల నడుమ ఆ కొండల మీద గాలిమరలు లేచినప్పుడు మేం పిల్లలం. రెక్క ఒక్కసారి తిరిగితే ఎన్ని బల్బులు వెలుగుతాయో లెక్కలు వేసుకునేవాళ్లం. అప్పట్లో చేనికి కరెంటు ఎక్కువగా రాత్రిపూటే వచ్చేది. మా నాయన టార్చిలైటు పట్టుకుని స్టార్టర్ దగ్గరికి పోతే, తిరిగొచ్చి కాళ్లు కడుక్కున్న చప్పుడు వినేదాకా అమ్మ పండుకునేది కాదు. పాముల టెన్షన్. ఎండతో నడిచే మోటారు వచ్చిన రోజు మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ సంతోషపడింది అమ్మే. కాబట్టి సోలార్ కావాలి, గాలిమరలూ కావాలి. వాటిని ఎక్కడ పెడుతున్నారు, ఎవరిని అడిగి పెడుతున్నారు అన్నదే నా బాధ.

కర్నూలు దగ్గర గని, శకునాల ఊళ్ల వైపు పోతే కనుచూపు మేరా నల్లటి పలకలే. 2017లో పూర్తయిన వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు అది. దాదాపు 5,900 ఎకరాలు. మెగావాటుకు ఇంచుమించు ఆరెకరాలు పడుతుంది. ఇంత నేల ఒక్కచోట కావాలంటే ముందు చూపు పడేది బీడు మీదే. రికార్డులో బంజరు అని రాసి ఉంటుంది. పంట లేదు, ఇల్లు లేదు, ఎవరికీ నష్టం లేదనుకుంటారు.

ఆ బీడు సంగతి మా నాయనను అడగాలి. వానలు పడి వేరుశనగ విత్తాక, కాయ పీకేదాకా మందను ఎవరూ చేలోకి రానివ్వరు. జూన్ నుంచి అక్టోబరు దాకా మందకు దిక్కు ఆ బీడే. ఏ వంక పక్క గడ్డి ముందు మొలుస్తుందో, ఈనిన గొర్రెను ఏ గుట్ట చాటున నిలపాలో ఆయనకు బాగా తెలుసు. ఆ లెక్క ఏ రికార్డులోనూ ఎక్కలేదు.

కడప జిల్లా లంకమల దగ్గర ముళ్లపొదలను చూసి ఎవరైనా పనికిరాని నేల అనే అనుకుంటారు. 1900 తర్వాత కనిపించక, అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో దొరికింది ఆ పొదల్లోనే. రాత్రిపూట, ఒక స్థానికుడి టార్చి వెలుగులో! రోళ్లపాడు గడ్డిమైదానాన్ని 1988లో బట్టమేక పిట్ట కోసం అభయారణ్యం చేశారు. ఆ పిట్ట బరువు ఎక్కువ, ఎగిరేటప్పుడు ఎదురుగా ఉన్నది సరిగా కనిపించదు. దగ్గరికొచ్చాక తీగ చూసినా చటుక్కున పక్కకు తిరగలేదు. కరెంటు తీగలకు తగిలి చస్తుంది.

మా పక్కనే కల్పవల్లి అనే ఊరుమ్మడి అడవి ఉంది. 1990ల నుంచి ఆ చుట్టుపక్కల పల్లెల జనం మంటలు ఆర్పుకుంటూ, కాపలా కాసుకుంటూ వేల ఎకరాల బోడిగుట్టలను పచ్చగా చేసుకున్నారు. బోదగడ్డి పెరిగింది, ఈతచెట్లు లేచాయి. రికార్డులో మాత్రం అది బంజరుగానే మిగిలింది. 2010 తర్వాత అక్కడ గాలిమరలు వచ్చాయి. మర నిలబడే చోటు చిన్నదే. కానీ రెక్కలు మోసుకొచ్చే పొడవాటి లారీల కోసం కొండలు తొలిచి రోడ్లు వేశారు. తవ్విన మట్టి వానకు వంకల్లోకి జారింది. ముందుగా నష్టం ఎంతని అడిగేవాళ్లు కూడా లేరు. ఏ పనులకు పర్యావరణ అనుమతి తప్పనిసరో చెప్పే కేంద్ర ప్రభుత్వ 2006 నోటిఫికేషన్ జాబితాలో గాలిమరలూ లేవు, సోలారూ లేదు. శుభ్రమైన కరెంటు గదా, దాని వల్ల ఏం నష్టం అనుకున్నారు.

నేల అడగని కరెంటు కూడా ఉంది. మూడు కిలోవాట్ల పలకలకు 300 చదరపు అడుగుల మిద్దె చాలు. రోజుకు సుమారు 12 యూనిట్లు వస్తాయి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో దానికి 78 వేల సబ్సిడీ ఉంది. ముందు మిద్దెలు, బడులు, గోదాములు నింపుదాం.

గోబర్ గ్యాస్‌ను మనం తొందరపడి మరిచిపోయాం. నాలుగైదు గొడ్లుంటే రోజుకు 50 కిలోల పేడ వస్తుంది. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు అది సరిపోతుంది, ఐదుగురికి వంట అయిపోతుంది. మా అమ్మ ఇప్పటికీ పొద్దున్నే తొట్టిలో పేడ, నీళ్లు సమానంగా పోసి చేత్తో పిసుకుతూ గడ్డిపరకలు, రాళ్లు ఏరేస్తుంది. అవి లోపలికి పోతే గొట్టం మూసుకుపోతుంది. కంది కట్టె పొగకు కళ్లు మండినన్నాళ్లు మండాయి, ఇప్పుడు పొయ్యి మీద నీలి మంట. చలికాలం గ్యాస్ తగ్గుతుంది, అది నిజమే. గ్యాస్ పోయాక బయటికొచ్చే పేడనీళ్లు, అదే స్లర్రీ, చీనీ చెట్లకు పోస్తాం.

సోలార్ మోటారు గురించి రైతులకు ఒక మాట. బిల్లు రాదు కదా అని ఎండ ఉన్నంతసేపూ బోరు ఆడిస్తే, పక్కోడి బోరుతో పాటు మీ బోరూ ఎండుతుంది. డ్రిప్ లేకుండా సోలార్ మోటారు బిగించొద్దు.

పెద్ద పార్కులు ఇంకా వస్తాయి. పలకలను మనిషి నడుమెత్తుకు లేపితే కింద గొర్రెలు మేస్తాయి, గడ్డి కోసే ఖర్చూ తప్పుతుంది. కంచెలో మంద దారి వదలమని, వంకను పూడ్చవద్దని సర్వే రాళ్లు పాతకముందే గ్రామసభలో అడగాలి. అడగాలంటే చేతిలో కాగితం ఉండాలి. మా ఊళ్లో నాయన వయసు కాపరులను కూర్చోబెట్టి, మంద దారులు, కుంటలు, ఏ నెలలో ఎక్కడ మేత అన్నవన్నీ ఒక పటంగా గీయించాం. నాలుగు సాయంత్రాలు పట్టింది. దాని కాపీలు బయట బల్ల మీద పెట్టాను. పోయేటప్పుడు తలా ఒకటి తీసుకోండి. పిల్లలూ, ఈ సెలవుల్లో మీ ఊరి పటం గీయండి.