సర్టిఫికెట్ మీద ఉన్నది గొట్టం సంగతే

అందరికీ నమస్కారం. ఇందాక మీ ల్యాబ్‌లో సబ్బు బుడగల ఫ్లో మీటర్ చూశాను. గాజు గొట్టంలో గ్యాస్ ఒక సబ్బు బుడగను పైకి తోస్తుంది; అది రెండు గీతల మధ్య దూరం దాటడానికి పట్టే సమయాన్ని బట్టి గ్యాస్ ఎంత వేగంగా పారుతోందో లెక్కకడతాం. సర్టిఫికెట్ మీద అనిశ్చితి, అంటే అటూ ఇటూ ఉండగల తేడా, 0.4 శాతం అని ఉంది. "అంటే మన కాలిబ్రేషన్ కూడా 0.4 శాతానికి కరెక్టేగా సార్?" అని మీలో ఒకరు అడిగారు. ఈరోజు నేను చెప్పబోయేదంతా ఆ ప్రశ్నకు జవాబే.

ఆ 0.4 గాజు గొట్టానిది. రెండు గీతల మధ్య ఎంత చోటుందో చెబుతుంది, అంతే. మనకు కావలసింది ఆ చోటులోంచి ఎంత గ్యాస్ పోయిందన్నది. గ్యాస్ నీళ్లలా ఉన్నచోట కుదురుగా ఉండదు కదా! 27 డిగ్రీల దగ్గర ఒక్క డిగ్రీ పెరిగితే 0.33 శాతం ఉబ్బుతుంది. పీడనం 1 మిల్లీబార్ మారితే దాదాపు 0.1 శాతం తేడా.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ల్యాబ్‌లో పొద్దున రీడింగులు బాగానే వచ్చేవి, మధ్యాహ్నం భోజనమయ్యాక మాత్రం 0.8 శాతం ఎక్కువ చూపించేవి. రెండు వారాలు మీటర్‌ను అనుమానించాం, విప్పాం, తుడిచాం. చివరికి తేలిందేమిటంటే, మూడింటికి కిటికీలోంచి ఎండ సరిగ్గా గొట్టం మీద పడుతోంది. థర్మామీటరేమో నీడలో, గోడకు వేలాడుతోంది. గొట్టంలో గ్యాస్ దానికంటే రెండున్నర డిగ్రీలు వేడిగా ఉంది. ఆ రోజుల్లో మా రీడింగులు ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు సరిపోయేవి. పదిసార్లు తీస్తే పదిసార్లూ అదే తప్పు.

ఇప్పుడు లెక్క వేద్దాం. సర్టిఫికెట్‌లోని 0.4 సాధారణంగా 95 శాతం నమ్మకంతో, అంటే k=2తో ఇస్తారు; అసలు అనిశ్చితిని రెట్టింపు చేసి రాస్తారన్నమాట. సగం చేస్తే 0.2. ఉష్ణోగ్రతలో అర డిగ్రీ సందేహముంటే 0.17. పీడనానికి 0.1. బుడగ పైకి వెళ్లడానికి 100 సెకన్లు పట్టి, స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.1 సెకను అటూ ఇటూ అయితే మరో 0.1. వీటిని నేరుగా కూడకూడదు. ఒకదానితో ఒకటి సంబంధం లేనివి కాబట్టి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 0.3 వస్తుంది. మళ్లీ 95 శాతం నమ్మకానికి రెట్టింపు చేస్తే 0.6. మీ బెంచ్ అసలు అంకె అది. అదే బుడగ 10 సెకన్లలో వెళ్లిపోతే టైమింగ్ ఒక్కటే 1 శాతం తినేస్తుంది, మిగతావాటి గురించి టెన్షన్ పడటం అనవసరం.

ఈ లెక్కలో ఇమడనిది ఒకటుంది. సిలిండర్ నుంచి వచ్చే గ్యాస్ పొడిగా ఉంటుంది, గొట్టం లోపల తడి. 25 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం 3.17 కిలోపాస్కల్స్. గ్యాస్ పూర్తిగా తడిస్తే ఆ ఆవిరి కూడా గ్యాస్‌తో కలిసి చోటు తీసుకుంటుంది, మీటర్ 3 శాతం పైగా ఎక్కువ చూపిస్తుంది. దీన్ని అనిశ్చితి కింద రాసేసి చేతులు దులుపుకోకూడదు. ముందు దిద్దాలి, దిద్దాక మిగిలే సందేహాన్నే లెక్కలో వేయాలి.

ఇంకోటి, 'స్టాండర్డ్ లీటర్' అంటే ఒక నిర్ణీత ఉష్ణోగ్రత, పీడనం దగ్గర లీటరు గ్యాస్; రిపోర్టులో ఆ ఉష్ణోగ్రత 0 డిగ్రీలా, 20 డిగ్రీలా అన్నది రాయండి. రెంటికీ తేడా 7.3 శాతం. ఇన్ని దశాంశాలూ కష్టపడి సంపాదించి అక్కడ పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

సరే, బల్ల దగ్గరికి వెళ్దాం. ఎవరైనా ఆ థర్మామీటర్‌ను గోడ మీంచి తీసుకురండి.