నడుముకు తగిలించే తోలు ఒర: కొలత, తడి, కుట్టు

మిత్రులారా, నమస్కారం.

విశాఖలో షిప్‌యార్డులో గానీ, స్టీల్ ప్లాంటులో గానీ, గాజువాక ఆటోనగర్ షెడ్లలో గానీ రోజంతా పనిచేసేవాళ్లను చూస్తే, కటింగ్ ప్లేయర్ ప్యాంటు వెనక జేబులో ఉంటుంది, టెస్టర్ చొక్కా జేబులో ఉంటుంది. నిచ్చెన మీద వంగితే ఒకటి జారుతుంది, కూర్చుంటే రెండోది గుచ్చుకుంటుంది. నైలాన్ పౌచ్ తేలికే గానీ, వెల్డింగ్ రవ్వ పడితే కరిగి చిల్లు పడుతుంది. మందపాటి తోలు మీద అదే రవ్వ పడితే నల్లటి మచ్చతో సరిపోతుంది. అందుకే ఇవాళ ఒక్క పనిముట్టు తీసుకుందాం: 8 అంగుళాల కటింగ్ ప్లేయర్. దానికి ఒర ఎలా చేయాలో మొదటి నుంచి చివరి దాకా చూద్దాం.

ముందు తోలు. చెట్ల బెరడుతో పదును చేసిన, అంటే పచ్చి తోలు కుళ్లకుండా ఊరబెట్టిన తోలే కావాలి. మన దేశంలో ఈ పనికి పాతకాలం నుంచి తంగేడు చెక్క, కరక్కాయ వాడేవారు. ఈ తోలు నీళ్లలో తడిస్తే మెత్తబడుతుంది, ఆరాక ఇచ్చిన ఆకారంలోనే గట్టిపడుతుంది. క్రోమ్ అనే లోహపు రసాయనంతో పదును చేసిన తోలుకు ఈ గుణం లేదు. ఎంత నొక్కి ఆరబెట్టినా మళ్లీ మెత్తటి సంచీలా వేలాడుతుంది. కొనేటప్పుడు కోసిన అంచు చూడండి. లోపలి దాకా గోధుమరంగు ఉంటే బెరడు తోలు, మధ్యలో నీలిబూడిద రంగు కనిపిస్తే సాధారణంగా క్రోమ్. మందం 3 నుంచి 3.5 మి.మీ. ఉండాలి. ఒక్క చదరపు అడుగు చాలు, కానీ అది వీపు భాగం నుంచి రావాలి. పొట్ట భాగం చవగ్గా వస్తుంది గానీ నెలల్లోనే సాగి, ప్లేయర్ లోపల లొడలొడలాడుతుంది.

కొలతలకు వద్దాం. ప్లేయర్‌ను అట్ట మీద పడుకోబెట్టి, పెన్సిల్ నిటారుగా పట్టుకుని చుట్టూ గీయండి. మీ ప్లేయర్ మధ్య మేకు దగ్గర మందం 12 మి.మీ. ఉందనుకుందాం. అందులో సగం 6, తోలు మందం 3. కలిపితే 9. గీసిన గీతకు 9 మి.మీ. బయట కుట్టు గీత రావాలి. అక్కడి నుంచి అంచుకు మరో 10 మి.మీ. వదలండి. ఈ లెక్క తప్పితే ఏమవుతుంది? కుట్టు గీత లోపలికి వస్తే ప్లేయర్ దూరదు, బలవంతంగా తోస్తే మొదటి వారంలోనే మూతి దగ్గర దారం తెగుతుంది. మరీ బయటికి పోతే ప్లేయర్ ఊగుతుంది.

వెనక ముక్క పొడవు 29 సెం.మీ. కింద 13 సెం.మీ. ఒరకు, పైన 6 సెం.మీ. వెడల్పున 16 సెం.మీ. నాలుకలా వదిలేది బెల్టు కోసం. ఆ నాలుకను వెనక్కి సగానికి మడిస్తే 8 సెం.మీ. అందులో 55 మి.మీ. బెల్టు దూరే చోటు, మిగిలిన 25 మి.మీ. కుట్టుకు. 50 మి.మీ. వెడల్పు పని బెల్టుకు ఇది సరిపోతుంది. పొడి తోలును అలాగే మడిస్తే పైపొర పగులుతుంది. కాబట్టి మడత చోట తడిపి, స్కేలు చుట్టూ తిప్పి ఆరనివ్వాలి. చివరను నలుచదరంగా రెండు వరసలు కుట్టేయాలి, అదీ ముందు ముక్క అతికించక ముందే.

ముందు ముక్క ఒర భాగం కంటే రెండు పక్కలా 6 మి.మీ. ఎక్కువ కోయండి. ప్లేయర్ మీదుగా ఉబ్బడానికి ఆ తోలు కావాలి, మిగిలింది తర్వాత కోసేస్తాం.

ఇక తడి. గోరువెచ్చని నీళ్లలో ముందు ముక్కను బుడగలు ఆగేదాకా ముంచండి. తీసి పక్కన పెడితే కాసేపటికి అంచులు మళ్లీ అసలు రంగుకు తిరుగుతాయి. ఆ దశలోనే పని చేయాలి. మరీ తడిగా ఉంటే నొక్కిన గుర్తు నిలవదు. ప్లేయర్‌కు పల్చని ప్లాస్టిక్ కాగితం రెండు చుట్లు చుట్టడం మరిచిపోవద్దు. తడి బెరడు తోలుకు ఇనుము తగిలితే చోటు చోటు నల్లబడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు ఇలాగే పుడుతుంది: కరక్కాయ పట్టించిన బట్ట మీద తుప్పు, బెల్లం ఊరిన నీళ్లతో గీస్తారు. అక్కడ అందం, ఇక్కడ మరక. నిమ్మరసం రుద్దితే కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. ఇదే కారణంతో తోలును చెక్కకు ఇనుప మేకులతో కొట్టకండి, ఇత్తడివి వాడండి.

చెక్క మీద ప్లేయర్, దాని మీద తోలు పెట్టి, బొటనవేళ్లతో, నునుపైన గరిటె కాడతో అంచుల వెంట నొక్కుతూ రండి. గోళ్లు తగలనివ్వొద్దు, ఆ గీతలు ఎప్పటికీ పోవు. నీడలో ఫ్యాను కింద ఆరబెట్టాలి. ఎండలో పెడితే ముడుచుకుని పెళుసవుతుంది. విశాఖ గాలిలో తేమ ఎక్కువ, ఒక రోజుతో సరిపోదు, రెండు రోజులు ఇవ్వండి. లోపల చల్లగా తగులుతుంటే ఇంకా ఆరలేదని అర్థం.

ఇప్పుడు చాలామంది వదిలేసే ముక్క గురించి. రెండు తోళ్ల మధ్య, కుట్టు గీత దాని మీదుగా పోయేంత వెడల్పున పట్టీ ఒకటి ఉండాలి. దీన్ని నడిమి పట్టీ అందాం. ఇది లేకుండా రెండు ముక్కలూ నేరుగా కుడితే, ప్లేయర్ దూర్చిన ప్రతిసారీ అంచులు విడిపోవాలని చూస్తాయి, ఆ లాగుడంతా దారం మీదే పడుతుంది. పట్టీ ఉంటే ఆ ఎడం ముందే ఉంటుంది, దారం పట్టుకునే పని మాత్రమే చేస్తుంది. కత్తికి ఒర చేసేవారైతే ఇది అసలు తప్పించుకోరానిది. పట్టీ లేకపోతే అంచు నేరుగా దారాన్ని కోస్తుంది, ఆ తర్వాత తొడను. నునుపు ముఖాలను గరుకు కాగితంతో గీకి, రెండు వైపులా సొల్యూషన్ (తోలు జిగురు) పూసి, 10 నుంచి 15 నిమిషాలు ఆగి అతికించండి. తడి మీదే అతికిస్తే జారుతుంది, గీకకపోతే ఊడుతుంది.

అడుగున మాత్రం 25 మి.మీ. తెరిచి ఉంచండి. తీగ ముక్కలు, ఇనుప రజను, చెమట, వాన నీరు అన్నీ అటు నుంచి పోతాయి. మూసేస్తే ఆ చెత్తతోనే ప్లేయర్ తుప్పుపడుతుంది.

కుట్టుకు 1 మి.మీ. మైనం పట్టిన పాలిస్టర్ దారం, రెండు సూదులు. అంచుకు సమాంతరంగా గీత గీసి, 5 మి.మీ.కు ఒక చుక్క పెట్టుకోండి. 12 సెం.మీ. కుట్టుకు 25 రంధ్రాలు వస్తాయి. ఆరె, అంటే రంధ్రాలు పొడిచే మొన, నిటారుగా దిగాలి. మూడు పొరలు కలిపి దాదాపు 9 మి.మీ. మందం, కొంచెం వంగినా వెనక వైపు రంధ్రాలు పాము నడకలా పోతాయి. దారం కుట్టు పొడవుకు 7 రెట్లు, అంటే ఒక్కో పక్కకు 84 సెం.మీ., చేతికి పట్టుకోవడానికి ఇంకో జానెడు. ఒకే దారం రెండు చివర్లా సూదులు ఎక్కించి, ప్రతి రంధ్రంలో రెండూ ఎదురెదురుగా పోవాలి. రెండో సూది మొదటి దారాన్ని పొడవకుండా చూడండి, పొడిస్తే అక్కడే ఇరుక్కుని బిగువు రాదు. మూతి దగ్గర మూడు రంధ్రాలు వెనక్కి తిరిగి కుట్టండి, లాగుడు అక్కడే ఎక్కువ. మిషను కుట్టుకంటే ఇది ఎందుకు మేలంటే, ఒక చోట దారం అరిగి తెగినా రెండో దారం అన్ని రంధ్రాల్లోనూ ఉంటుంది.

రివెట్లు కొట్టాలా అని చాలామంది అడుగుతారు. కరెంటు పని చేసేవారికి వద్దనే చెబుతాం, నడుము మీద బయటికి కనిపించే లోహం ఎందుకు? మిగతావారు వాడితే ఇత్తడివో రాగివో వాడండి. ఉప్పు గాలికి ఇనుప రివెట్లు తుప్పుపట్టి, చుట్టూ తోలును తినేస్తాయి.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న మాట ఇక్కడ అక్షరాలా నిజం. ప్లేయర్ పక్కనే అదే సందులో టెస్టర్ దూర్చకండి, తోలు సాగి రెండూ వదులవుతాయి. టెస్టర్‌కు 2 మి.మీ. తోలుతో వేరే గొట్టం పక్కన కుట్టండి.

అంచులను 120, 240, 400 నంబరు గరుకు కాగితాలతో వరసగా రుద్ది, కాస్త తడిపి ముతక గుడ్డతో మెరిసేదాకా తోమి, తేనెమైనం పట్టించండి. నూనె మాత్రం పల్చగా ఒక్క పూత. ఎక్కువైతే కష్టపడి తెచ్చిన ఆకారం మెత్తబడి పోతుంది.

కొత్త ఒర కొంచెం బిగువుగానే ఉండాలి. ప్లేయర్ పెట్టి తలకిందులు చేసి ఊపండి. పడకూడదు, కానీ ఒక్క చేత్తో లాగితే రావాలి. రాకపోతే లోపల తడిపి, ప్లాస్టిక్ చుట్టిన ప్లేయర్‌ను ఒక రాత్రి ఉంచండి. ఎత్తులో పనిచేసేవారు మాత్రం ఒరను నమ్ముకోవద్దు, పనిముట్టుకు తాడు విడిగా కట్టాల్సిందే. నడుముకు పక్కగా తగిలించండి, వెన్నెముక మీద వద్దు. వెల్లకిలా పడితే ఇనుము నేరుగా వెన్నులో దిగుతుంది.

వానాకాలంలో రాత్రి ప్లేయర్ తీసి, ఒరను విడిగా గాలి ఆడే చోట వేలాడదీయండి. బూజు పడితే పొడిగుడ్డతో తుడిచి, నీడలో ఆరబెట్టి, మూతి దగ్గర కుట్టు ఓసారి వేలితో తడిమి చూడండి. వదులైతే అక్కడి కొన్ని రంధ్రాలే విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు.